పాత ఫోటో ఏదీ?

అన్నయ్యకు గ్లాకోమా, అంటే చూపును మెదడుకు చేరవేసే దృష్టి నాడి క్రమంగా దెబ్బతినే జబ్బు, ఉందని తేలిన రోజున కంటి వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న మాకు వెంటనే అర్థం కాలేదు. తెర మీద అతని ఎడమ కంటి రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఫోటోను పెద్దది చేసి చూస్తూ, "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి ఫోటో తీశారా అండీ? ఉంటే ఒకసారి తెచ్చి చూపించండి" అన్నారు. తీశారు. ఆరేళ్ల కిందట, షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నదేమో చూడడానికి మరోచోట తీశారు. రెటీనాలో ఇబ్బందేమీ లేదని ఒక్క ముక్క రాసి, కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఇప్పుడు ఆ ఫోటో కోసం వెళ్లి అడిగితే, యంత్రం మార్చినప్పుడు పాతవన్నీ పోయాయన్న జవాబు వచ్చింది. అన్నయ్య ఏమన్నా అశ్రద్ధ మనిషా అంటే అదీ లేదు. కళ్లజోడు కోసం ఏటేటా పరీక్ష చేయించుకునేవాడు. ప్రతిసారీ గాలి ఊదే యంత్రంతో కంటి ప్రెషర్ (కంటి లోపలి ద్రవపు ఒత్తిడి) చూసేవారు. 16, 17, ఒక ఏడాది 18 వచ్చింది. ప్రతిసారీ "నార్మల్" అనే రాశారు. ఎడమ కంటి చూపులో పైభాగాన, ముక్కు వైపుగా, ఒక వంపు తిరిగిన మేర ఖాళీ అయిపోయిందని యాభై ఆరో ఏట తెలిసింది.

ఆరేళ్ల నాటి ఆ ఫోటో దొరికి ఉంటే పోయిన చూపు తిరిగి వచ్చేది కాదు. కానీ రెండు సంగతులు తెలిసేవి. దృష్టి నాడి అప్పటికే దెబ్బతిని ఉందా, లేక ఈ ఆరేళ్లలోనే దెబ్బతిన్నదా అన్నది మొదటిది. ఎంత వేగంగా దెబ్బతింటోంది అన్నది రెండోది. పదిహేనేళ్లుగా నెమ్మదిగా అరుగుతున్న నాడికి చేసే వైద్యం వేరు, మూడేళ్లలో సగం పోగొట్టుకున్న నాడికి చేసే వైద్యం వేరు. ఆ రోజు నుంచి ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదువుతూ, పరీక్షలకు అన్నయ్య వెంట వెళ్తూ, నా కళ్లు కూడా చూపించుకుంటూ వచ్చాక నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. రెటీనా ఫోటోతో గ్లాకోమాను ముందుగా పట్టుకోవచ్చన్న మాట నిజమే గానీ, ఆ పట్టుకోవడం చాలాసార్లు మొదటి ఫోటోతో జరగదు, రెండో ఫోటోతో జరుగుతుంది. మొదటి ఫోటోను భద్రపరచని చోట ఎంత గొప్ప కెమెరా ఉన్నా, దాని వెనక ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ ఉన్నా, ముందుగా పట్టుకోవడమనే పనిలో సగం మాత్రమే జరుగుతోంది.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ఫోటోలో కనిపించేది ఏమిటో కాస్త చెప్పాలి. రెటీనాలోని గాంగ్లియన్ కణాలు ఒక్కొక్కటీ ఒక సన్నని తంతువును సాగదీస్తాయి. అలాంటి తంతువులు సుమారు పది పన్నెండు లక్షలు రెటీనా పైపొర మీదుగా నలుమూలల నుంచి వచ్చి, ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పున్న గుండ్రని చోట ఒక్కసారిగా లోపలికి మలుపు తిరిగి, దృష్టి నాడిగా కట్ట కట్టుకుని మెదడుకు వెళ్తాయి. ఆ గుండ్రని చోటును డిస్క్ అంటారు. తంతువులన్నీ అంచుల వెంట దిగుతాయి కాబట్టి నడిమధ్యన చిన్న గుంట మిగులుతుంది. అది కప్పు. గుంటకూ డిస్క్ అంచుకూ నడుమ కనిపించే నారింజ రంగు వలయమే బతికున్న తంతువుల మందం. గ్లాకోమాలో ఈ తంతువులు, వాటి కణాలతో సహా చనిపోతూ ఉంటాయి. వలయం సన్నబడుతుంది, గుంట పెరుగుతుంది. చనిపోయినవి మళ్లీ మొలవవు. ఇప్పుడున్న చుక్కల మందులైనా, లేజరైనా, ఆపరేషనైనా ప్రెషర్ తగ్గించి మిగిలినవాటిని కాపాడేవే తప్ప పోయినదాన్ని తెచ్చిచ్చేవి కావు. అందువల్ల ఈ జబ్బులో ముందుగా తెలియడం తప్ప మరో దారి లేదు.

చూపు పోతుంటే మనిషికి తెలియదా అని అందరూ అడుగుతారు, నేనూ అడిగాను. గ్లాకోమాలో చూపు నల్లటి సొరంగంలా ముడుచుకుపోతుందని కరపత్రాల మీద వేసే బొమ్మలు నిజానికి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. 2013లో లండన్ పరిశోధకులు గ్లాకోమా ఉన్న 50 మందికి రకరకాల బొమ్మలు చూపించి, మీకు లోకం ఎలా కనిపిస్తోందో దానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోమన్నారు. నల్లటి సొరంగం ఉన్న బొమ్మను గానీ, నల్ల మచ్చలున్న బొమ్మను గానీ ఒక్కరూ ఎంచుకోలేదు. కొన్ని చోట్ల మసకగా ఉందని కొందరు, కొన్ని వస్తువులు మాయమవుతున్నాయని కొందరు చెప్పారు, ఏ తేడా తెలియడం లేదన్నవారు కూడా ఉన్నారు. మెదడు ఖాళీని చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది, ఒక కన్ను పోగొట్టుకున్న చోటును రెండో కన్ను కప్పేస్తుంది. అన్నయ్య కారు అద్దానికి ఎడమ వైపు గీతలు పడుతుంటే వయసు మీద పడిందని నవ్వుకునేవాడు. నల్లగా ఏమీ కనిపించడం లేదు కనుక తన కళ్లు బాగున్నాయనే అనుకున్నాడు.

ఇక ప్రెషర్ సంగతి. 21 దాటితే ఎక్కువ, లోపు ఉంటే నార్మల్ అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక నాకు దాని మీద గౌరవం తగ్గింది. ఆరోగ్యంగా ఉన్నవారి కంటి ప్రెషర్ సగటున 15, 16 మిల్లీమీటర్ల పాదరసం మేర ఉంటుంది. దానికి ఇటూ అటూ ఉండే హెచ్చుతగ్గులను గణాంకాల పద్ధతిలో కొలిచి, నూటికి తొంభై అయిదు మంది పడే మేరకు గీత గీస్తే 21 వచ్చింది. ఆ గీత దగ్గర నాడికి ఏదో ప్రత్యేకంగా జరుగుతుందని ఎవరూ చూపించలేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన పెద్ద సర్వేలో గ్లాకోమా ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఆ ఒక్కసారి కొలిచినప్పుడు ప్రెషర్ ఆ గీతకు లోపే ఉంది. పైగా కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పలచగా ఉంటే యంత్రం తక్కువ చూపిస్తుంది, పగటికీ రాత్రికీ అంకె మారుతుంది. ప్రెషర్ కొలవడం అనవసరమని నేను అనడం లేదు. ఈ జబ్బులో వైద్యులు తగ్గించగలిగింది అదొక్కటే కాబట్టి దాన్ని కొలవక తప్పదు. అయితే ప్రెషర్ జబ్బుకు దారితీసే కారణాల్లో ఒకటి, దృష్టి నాడి జబ్బు జరిగే చోటు. చోటును చూడకుండా కారణాన్ని కొలిచి "నార్మల్" అని రాయడం ఏం పరీక్ష?

చోటును చూడడం మనిషికి సాధ్యమై నూట డెబ్బై ఏళ్లు దాటింది. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ కంటి లోపలికి చూసే తన పరికరం ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించిన తరువాత బతికున్న కంటిలోని డిస్కును వైద్యులు మొదటిసారి చూశారు. చూసి మొదట పొరబడ్డారు. గ్లాకోమా ఉన్న కంట్లో లోతైన గుంటను వారు ఉబ్బెత్తుగా ఉన్న గుబ్బ అనుకున్నారు. ఆనాటి పేరుమోసిన జర్మన్ కంటి వైద్యుడు గ్రేఫే కూడా అలాగే అనుకుని, కొద్దికాలానికే సరిదిద్దుకున్నాడు. ఒంటికంటితో చూసే పరికరంలో లోతు తెలియదు కనుక ఆ పొరపాటు జరిగింది. ఈ కథ నాకు ఇష్టం, ఎందుకంటే ఈనాటి ఫోటోకు కూడా అదే లోపం ఉంది. చదునైన ఫోటోలో కప్పు ఎంతుందో రంగును బట్టి చెప్పబోతే మోసపోతాం. పాలిపోయిన భాగం చిన్నదిగా ఉండి, గుంట దానికన్నా చాలా పెద్దదిగా ఉండవచ్చు. అన్నయ్య ఫోటోలో ఇది ఎలా చూడాలో వైద్యురాలు పెన్సిల్ మొనతో చూపించారు. సన్నటి రక్తనాళం ఒకటి డిస్క్ మధ్య నుంచి కిందికి వస్తూ, ఒకచోట కత్తిరించినట్టు ఆగిపోయి, వెంట్రుకవాసి పక్కన మళ్లీ మొదలవుతోంది. అది ఆగిపోలేదట, గుంట గోడ మీద నిలువుగా పైకెక్కుతోందట. నాళం వంగిన చోటే గుంట అంచు. ఆ వంపులను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోతే కప్పు నేను అనుకున్నదానికి రెట్టింపు ఉంది, కింది వైపున నారింజ వలయం దాదాపు లేదు.

మామూలు కంటిలో ఆ వలయం అడుగున మందంగా, చెవి వైపున పలచగా ఉంటుంది. గ్లాకోమా చాలాసార్లు అడుగునే, కాస్త చెవి వైపుగా, మొదలుపెడుతుంది. కింది తంతువులు పోతే పై చూపు పోతుంది. అందుకే అన్నయ్యకు పైన ఖాళీ ఏర్పడింది. అదే చోట, డిస్క్ అంచు మీద, అతని ఫోటోలో ఒక చిన్న ఎర్రని గీత ఉంది. నిప్పు నాలుకలా ఒకవైపు సన్నబడి, తంతువులు సాగిన దిక్కుకే సాగి ఉంది. అంచున చిట్లిన నెత్తురు అది. కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆనవాలు లేకుండా పోతుంది. పోయినా దాని ప్రాముఖ్యం పోదు. ప్రెషర్ ఎక్కువగా ఉండి గ్లాకోమా ఇంకా రానివారిని ఏళ్ల తరబడి గమనించిన అమెరికా అధ్యయనం ఒకటుంది, 1,636 మందితో మొదలైంది. అందులో ఇటువంటి నెత్తుటి గీతలు 128 కళ్లలో కనిపించాయి. వాటిలో 21 మాత్రమే కంటిని స్వయంగా పరీక్షించిన వైద్యులకు కనిపించాయి. మిగిలిన 107, అంటే 84 శాతం, తరువాత తీరికగా ఫోటోలు చూసినవారికి మాత్రమే దొరికాయి. ఆ పరీక్షించినవారు గ్లాకోమాలో ఆరితేరిన నిపుణులు. కదిలే కంటిలోకి వెలుతురు వేసి కొన్ని క్షణాలు చూసే చూపుకూ, కదలని ఫోటో ముందు కూర్చుని చూసే చూపుకూ ఉన్న తేడా అంతటిది. నెత్తుటి గీత కనిపించిన కళ్లలో గ్లాకోమా వచ్చే అవకాశం మిగతా కారణాలన్నీ లెక్కలో వేసుకున్నాక కూడా సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా తేలింది.

ఫోటో పక్షాన ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు కనిపించలేదు. అయినా అదే ఫోటో ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత తికమక పెడుతుందో కూడా చెప్పాలి. డిస్క్ అందరికీ ఒకే కొలతలో ఉండదు. పుట్టుకతో పెద్ద డిస్క్ ఉన్నవారికి పెద్ద కప్పు ఉంటుంది, తంతువులు మాత్రం నిండుగా ఉంటాయి. చిన్న డిస్క్ ఉన్నవారికి చిన్న కప్పే ఉండి, అప్పటికే జబ్బు ముదిరి ఉండవచ్చు. కప్పు వెడల్పును డిస్క్ వెడల్పుతో పోల్చి చెప్పే అంకెను ఒక వైద్యుడు 0.5 అని రాస్తే, అదే రోజు మరొకరు 0.7 అని రాయడం వింతేమీ కాదు. ఈ సందేహం తీర్చేది కాలం. పెద్ద కప్పు అయిదేళ్ల తరువాత కూడా అంతే ఉంటే అది పుట్టుక, పెరిగితే జబ్బు. 1930లో ఖగోళ పరిశోధకుడు టామ్‌బా ప్లూటోను కనిపెట్టిన తీరు ఇక్కడ గుర్తుకొస్తుంది. ఆకాశంలోని ఒకే భాగానికి వేర్వేరు రాత్రుల్లో తీసిన రెండు ఫోటోలను ఒకదాని తరువాత ఒకటిగా చకచకా మార్చి చూస్తే, నక్షత్రాలన్నీ నిలకడగా ఉండి ఒక్క చుక్క మాత్రం గెంతింది. కంటి వైద్యులు కూడా ఇదే పని చేస్తారు. రెండు డిస్క్ ఫోటోలను సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చేలా అమర్చి మార్చి మార్చి చూస్తే, అంచు కరిగిన చోట రక్తనాళం పక్కకు జరిగినట్టు కదులుతుంది. మాటల్లో 0.6, 0.65 అని రాసుకున్న పాత చీటీలో ఆ కదలిక ఎన్నటికీ దొరకదు.

ఇక ఓసీటీ. 1991లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థకు చెందిన హువాంగ్, ఫుజిమోటోల బృందం "సైన్స్" పత్రికలో ప్రకటించిన ఈ పద్ధతి, అల్ట్రాసౌండ్ శబ్దంతో చేసే పనిని వెలుతురుతో చేస్తుంది. రెటీనా పొరలను కోసి చూపినట్టు చూపించి, తంతువుల పొర మందాన్ని మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తుంది. మామూలు పెద్దవారిలో డిస్క్ చుట్టూ ఆ పొర సగటున 90 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది. గడ్డం ఆనించి, లోపల కనిపించే గుర్తును కాసేపు చూస్తే చాలు, కాగితం మీద రంగులు వస్తాయి. ఆకుపచ్చ అంటే ఆ వయసువారిలో మామూలు, పసుపు అంటే నూటికి అయిదుగురిలోపు మాత్రమే ఉండేంత పలచన, ఎరుపు అంటే నూటికి ఒక్కరిలోపు. ఈ రంగుల వల్ల ఎంత మేలు జరిగిందో అంత అల్లరీ జరిగింది. ఆ అల్లరిలో నేనూ ఒకణ్ణి.

నా కళ్లజోడు మైనస్ ఏడు. అన్నయ్య సంగతి తెలిసిన నెలలో నేనూ వెళ్లి ఓసీటీ తీయించుకుంటే, రెండు కళ్లలోనూ కింది భాగంలో ఎరుపు పడింది. అక్కడున్న వైద్యుడు కాగితం చూసి, నా ముఖం కూడా సరిగా చూడకుండా, "మీకూ ఉందండీ. జీవితాంతం చుక్కలు వేసుకోవాలి" అని రాసిచ్చారు. ఆరు నెలలు వేసుకున్నాను. కళ్లు ఎర్రబడ్డాయి, కనురెప్పల వెంట్రుకలు పొడుగయ్యాయి, రాత్రిపూట కళ్లు మూసుకుని లోపల ఏమేం చచ్చిపోతున్నాయో లెక్కపెట్టుకున్నాను. తరువాత అన్నయ్య వైద్యురాలి దగ్గరికి వెళ్తే, అదే ప్రశ్న అడిగారు, పాతవి ఉన్నాయా అని. ఈసారి ఉన్నాయి. అంతకు రెండేళ్ల ముందు, కంట్లో మెరుపులు కనిపిస్తున్నాయని వెళ్లినప్పుడు తీసిన ఫోటో, ఓసీటీ రెండూ ఒక కవరులో పడి ఉన్నాయి. అదే కంపెనీ యంత్రం. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ఎరుపు అప్పుడూ అక్కడే ఉంది, సగటు మందంలో తేడా రెండు మైక్రాన్లు. ఆ యంత్రం ఒకే రోజు రెండుసార్లు కొలిస్తే కూడా అంత తేడా రావచ్చు, నాలుగైదు మైక్రాన్లు దాటితేనే నిజమైన మార్పుగా చూస్తారు. చూపు ఏ మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ రెండుసార్లు చేస్తే రెండూ బాగున్నాయి. చుక్కలు ఆపమన్నారు. అది జరిగి నాలుగేళ్లయింది. నా ఎరుపు అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. (ఇది చదివి ఎవరూ తమ చుక్కలను తామే ఆపవద్దు. నేను ఆపలేదు, ఆధారాలు చూసిన వైద్యురాలు ఆపించారు.)

ఎరుపు ఎందుకు పడిందో ఆమె వివరించారు. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్న కన్ను పొడవుగా సాగి ఉంటుంది. అటువంటి కంటిలో తంతువుల దట్టమైన కట్టలు మామూలు కన్నా చెవి వైపుకు జరిగి ఉంటాయి. యంత్రం తనకు నేర్పిన చోట మందం కోసం వెతుకుతుంది, అక్కడ పలచగా కనిపించగానే ఎర్ర రంగు వేస్తుంది. కట్టలు జరిగి చేరిన పక్క భాగంలో మందం మామూలు కన్నా ఎక్కువే ఉందన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. పోల్చడానికి యంత్రంలో పెట్టిన ఆరోగ్యవంతుల కళ్లు కొన్ని వందలు మాత్రమే. పైగా గడియారంలా పన్నెండు భాగాలు చేసి ఒక్కో భాగానికి రంగు వేస్తే, ఏ జబ్బూ లేనివారికి కూడా ఏదో ఒక గడిలో ఎరుపు పడే అవకాశం పెరుగుతుంది. కంటి వైద్యుల్లో దీనికి "రెడ్ డిసీజ్" అని ఒక ఎగతాళి పేరు కూడా ఉంది. దీనికి ఎదురు పొరపాటు మరింత ప్రమాదకరం. ఒకప్పుడు 110 మైక్రాన్లున్న మనిషి 92కు దిగినా కాగితం మీద పచ్చగానే కనిపిస్తాడు. తన పొరలో ఆరో వంతు పోయిందని అతనికి చెప్పగలిగేది పాత కాగితం ఒక్కటే.

ఓసీటీ అంకెలకు ఇంకొక చిక్కుంది. ఒక కంపెనీ యంత్రం ఇచ్చిన అంకెను మరొక కంపెనీ అంకెతో పోల్చకూడదు. ఒకే కంపెనీ కొత్త తరం యంత్రం తెచ్చినా పాత లెక్క చెల్లదు. 2006 ప్రాంతంలో కొత్త పద్ధతి యంత్రాలు వచ్చినప్పుడు, అంతకుముందు ఏళ్ల తరబడి పోగైన కొలతలు కొత్తవాటితో కలపడానికి పనికి రాకుండా పోయాయి. మామూలు రంగుల ఫోటోకు ఈ బెడద లేదు. 1886లో మనిషి రెటీనాకు మొట్టమొదటి ఫోటో తీసినప్పుడు రెండున్నర నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చిందట, ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. ముప్పై ఏళ్ల కిందటి స్లైడులో ఉన్న నాళపు వంపును ఈనాటి ఫోటో పక్కన పెట్టి ఇప్పటికీ చూడవచ్చు. అందువల్ల ఓసీటీ వచ్చింది కదా, ఇంక ఫోటో ఎందుకనే మాట విన్నప్పుడు నేను ఒప్పుకోలేను. జబ్బు బాగా ముదిరి పొర 50 మైక్రాన్ల దగ్గరికి దిగాక ఓసీటీ అంకె ఇక కదలదు, అక్కడ మిగిలేది తంతువులు కావు, రక్తనాళాలూ ఇతర కణజాలమూ. అప్పుడు మళ్లీ ఫీల్డ్ టెస్టే దిక్కు.

ఫీల్డ్ టెస్ట్ గురించి త్వరగా చెప్పి ముందుకు పోతాను. గిన్నెలాంటి తెరలోకి చూస్తూ, ఎక్కడో ఒక మసక చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కే ఆ పరీక్ష రోగి చూపును నేరుగా అడుగుతుంది కాబట్టి దానికి విలువ ఉంది. కానీ మనసు చెదిరినా, నిద్ర వచ్చినా ఫలితం మారుతుంది. పైన చెప్పిన అమెరికా అధ్యయనంలోనే, మొదటిసారి చెడ్డగా వచ్చిన ఫీల్డ్ టెస్టుల్లో 86 శాతం మళ్లీ చేసినప్పుడు నిలబడలేదు. మరణానంతరం దానం చేసిన కొద్దిపాటి కళ్లలో కణాలను లెక్కించి 2000లో ప్రకటించిన పని ప్రకారం, ఫీల్డ్ టెస్టులో తేడా స్పష్టంగా తేలేసరికి గాంగ్లియన్ కణాల్లో కనీసం 25 నుంచి 35 శాతం పోయి ఉంటాయి. ఆ లెక్క మీద వాదాలున్నాయి గానీ, చాలామందిలో నాడి రూపు మారడం చూపు మారడం కన్నా ముందే కనిపిస్తుందన్న మాట స్థిరంగా ఉంది. ఫోటోకు ఉన్న అవకాశం ఆ నడిమి కాలంలోనే ఉంది.

అయితే అందరికీ ఫోటో తీసి గ్లాకోమా ఉన్నవారిని ఏరేయవచ్చు కదా? నేనూ మొదట ఇలాగే ఆవేశపడ్డాను. లెక్క వేసి చూస్తే ఆవేశం కాస్త తగ్గింది. నలభై దాటినవారిలో గ్లాకోమా ప్రపంచవ్యాప్తంగా మూడున్నర శాతం మందికి ఉంటుందని 2014లో ప్రకటించిన అంచనా చెప్పింది. 2013లో 6.43 కోట్ల మందికి ఉందనీ, 2040 నాటికి 11.18 కోట్లవుతుందనీ అదే అంచనా. వెయ్యి మందికి ఫోటో తీశామనుకుందాం. వారిలో 35 మందికి జబ్బు ఉంది. ఫోటో చదివే పద్ధతి జబ్బున్న నూరుగురిలో 90 మందిని పట్టుకుంటుందనీ, లేని నూరుగురిలో 92 మందిని సరిగ్గా వదిలేస్తుందనీ అనుకుందాం. జబ్బున్నవారిలో 31 లేక 32 మంది దొరుకుతారు. జబ్బు లేని 965 మందిలో 77 మంది కూడా వారి వెంట దొరుకుతారు. "మీకు ఉండవచ్చు" అని పంపిన ప్రతి పదిమందిలో ఏడుగురు నాలాంటివారే. అమెరికాలో ఇటువంటి పరీక్షల మీద సలహా ఇచ్చే నిపుణుల సంఘం 2022లో కూడా, ఏ లక్షణమూ లేని పెద్దవారందరికీ గ్లాకోమా పరీక్షలు చేయమని గానీ వద్దని గానీ చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. ఆ మాట చాలామందికి కోపం తెప్పించింది. నాకు మాత్రం నిజాయితీగా అనిపించింది.

అదే లెక్కను మరో గుంపు మీద వేయండి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో జరిగిన అధ్యయనంలో గ్లాకోమా ఉన్నవారి తోబుట్టువులు, పిల్లలకు జీవితకాలంలో ఆ జబ్బు వచ్చే అవకాశం 22 శాతం దాకా ఉందనీ, మామూలు కుటుంబాల్లో అది 2.3 శాతమేననీ తేలింది. తోబుట్టువుల్లో ప్రస్తుతానికి పది శాతం మందికి ఉందనుకుని వెయ్యి మందిని పరీక్షిస్తే, నిజంగా ఉన్నవారు 90 మంది దొరుకుతారు, పొరపాటున 72 మంది దొరుకుతారు. పరికరం అదే, చదివే మనిషి అదే, ఫలితం మీద నమ్మకం మాత్రం రెట్టింపు అయింది. కాబట్టి ఎవరి ఇంట్లో ఒకరికి గ్లాకోమా తేలితే, ఆ రోజే ఆ ఇంటి తోబుట్టువులందరినీ పిలిపించడం అన్నిటికన్నా ముందు జరగవలసిన పని. అన్నయ్య విషయంలో ఎవరూ మాకు ఆ మాట చెప్పలేదు. నేనే భయపడి వెళ్లాను.

కృత్రిమ మేధ గురించి చెప్పకుండా ఈ రోజుల్లో ఈ వ్యాసం ముగించలేను. 2018లో చైనా పరిశోధకులు 48 వేలకు పైగా రెటీనా ఫోటోలతో తయారుచేసిన వ్యవస్థ ఒకటి గ్లాకోమా డిస్కులను 95.6 శాతం పట్టుకుని, మామూలువాటిని 92 శాతం సరిగ్గా గుర్తించింది. ఈ అంకెలే పత్రికల్లో వచ్చాయి. అది ఎక్కడ తప్పిందన్నది నాకు మరింత ఆసక్తి కలిగించింది. జబ్బు ఉండీ వదిలేసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం ఎక్కువ మైనస్ పవర్ వంటి ఇతర సమస్యలు కలిసి ఉండడం. జబ్బు లేకుండా పట్టుకున్నవాటిలో ఎక్కువగా కనిపించినది పుట్టుకతో పెద్ద కప్పు. అంటే మనిషి ఎక్కడ తడబడతాడో యంత్రమూ అక్కడే తడబడింది. ఆశ్చర్యం ఏముంది, దానికి నేర్పినవి మనుషులు చూసి పెట్టిన గుర్తులే కదా. 2019లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెడీరోస్ బృందం మరో దారి తొక్కింది. మనుషుల అభిప్రాయం బదులు, అదే కంటి ఓసీటీ కొలతను గురువుగా పెట్టి, మామూలు ఫోటోను చూసి తంతువుల మందాన్ని మైక్రాన్లలో అంచనా వేయడం యంత్రానికి నేర్పింది. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే ఉందా లేదా అన్న తీర్పు కన్నా ఒక అంకెను ఏడాది తరువాత వచ్చే అంకెతో పోల్చుకోవడం మేలు. ఒకే ఫోటో చూసి తీర్పు చెప్పే యంత్రాలకు పెడుతున్న శ్రద్ధలో సగమైనా, ఒకే మనిషి ఫోటోలను ఏళ్ల పొడవునా అమర్చి, కదిలిన నాళాన్ని, కొత్తగా వచ్చిన నెత్తుటి గీతను పట్టిచ్చే పనికి పెడితే బాగుంటుంది. చెదరని ఓపిక కావలసిన పని అది, యంత్రానికి సరిగ్గా సరిపోతుంది.

ముందుగా తెలిసి మాత్రం ఏం లాభమని అడిగేవారికి కూడా జవాబుంది. కొత్తగా గ్లాకోమా తేలిన 255 మందిని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు వెంటనే వైద్యం చేసి, మరో గుంపును జాగ్రత్తగా గమనిస్తూ వైద్యం లేకుండా ఉంచిన స్వీడన్ అధ్యయనంలో, వైద్యం లేనివారిలో 62 శాతం మందికి, ఉన్నవారిలో 45 శాతం మందికి జబ్బు ముదిరింది. ప్రెషర్ ఒక్కో మిల్లీమీటరు తగ్గిన కొద్దీ ముదిరే ప్రమాదం సుమారు పది శాతం చొప్పున తగ్గింది. ఈ అంకెల్లో రెండు మాటలున్నాయి. వైద్యం పనిచేస్తుంది. వైద్యం లేకపోయినా నూటికి 38 మందికి ఆ కాలంలో జబ్బు ముదరలేదు. ఎవరికి ముదురుతుందో, ఎవరికి ముదరదో ముందే చెప్పే పరీక్ష లేదు, వరసగా తీసిన ఫోటోలూ కొలతలూ మాత్రమే క్రమంగా చెబుతాయి. ఇంకొక పరిమితి కూడా రాయాలి. కంటిలోని ద్రవం బయటికి పోయే కోణం ఇరుకుగా ఉండి వచ్చే రకం గ్లాకోమాలో, నాడి దెబ్బతినకముందు రెటీనా ఫోటో ఏమీ చెప్పదు. దానికి కోణాన్ని ప్రత్యేకమైన అద్దంతో చూడవలసిందే. ఫోటో బాగుంది కదా అని ఆ పరీక్షను వదిలేయకూడదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఏ కారణానికి రెటీనా ఫోటో తీసినా, అది షుగర్ కోసమైనా, కళ్లజోడు కోసమైనా, ఆ ఫైలు రోగి చేతికి రావాలి. కాగితం మీద అచ్చు వేసిన చిన్న బొమ్మ చాలదు, తగ్గించని అసలు ఫైలు కావాలి. ఏ కన్ను, ఏ తేదీ అన్నవి దాని పేరులోనే ఉండాలి. ఓసీటీ అయితే ఏ యంత్రమో రాసి ఉండాలి. షుగర్ కోసం తీసిన ఫోటోలో డిస్క్ కూడా పడుతుంది కాబట్టి, చూసేవారు ఆ డిస్క్ మీద కూడా ఒక్క వాక్యం రాయాలి. జబ్బు తేలడానికి ఆరేళ్ల ముందు అన్నయ్యకు ఆ ఒక్క వాక్యం రాసేవారు లేకపోయారు.

పోయిన నెలలో అన్నయ్య కూతురిని కూడా తీసుకెళ్లాం. ముప్పై నాలుగేళ్లు, చూపు చక్కగా ఉంది, కళ్లజోడు లేదు. కెమెరా మెరుపుకు కళ్లు ఆర్పుకుంటూ బయటికి వచ్చింది. వైద్యురాలు తెర మీద చూపించారు. నారింజ వలయం నిండుగా ఉంది, కింద మందంగా, పక్కన పలచగా, నాళాలు ఎక్కడా వంకర పోకుండా సాఫీగా దిగుతున్నాయి. "ఏమీ లేని ఫోటో కోసం ఇంత హడావుడా బాబాయ్?" అంది నవ్వుతూ. ఫైలు పేరులో కుడి, ఎడమ, తేదీ టైపు చేసి రెండు చోట్ల దాచాను. అన్నయ్య పక్కనే కూర్చుని, ఆ తెరను తన కుడి కంటితో చాలాసేపు చూశాడు.